హిగ్గిన్స్ భాగవతార్ పేరు మీద ఒక క్లారినెట్, ఒక సైన్ తరంగం: ‘క్రాసింగ్స్’ సీడీ

ఈ సీడీని నేను ఒక్క పేరు చూసి కొన్నాను. స్వరకర్త పేరు చూసి కాదు. ఆయన గురించి అప్పటికి నాకు పెద్దగా తెలియదు. ఆల్బమ్ పేరు ‘క్రాసింగ్స్’. రచనలు ఆల్విన్ లూసియర్‌వి. 1990లో లవ్‌లీ మ్యూజిక్ అనే అమెరికన్ సంస్థ విడుదల చేసింది. లోపల మూడు రచనలున్నాయి. వాటిలో ఒకదాని పేరు ‘ఇన్ మెమోరియం జాన్ హిగ్గిన్స్’. ఆ పేరు దగ్గర ఆగిపోయాను.

జాన్ హిగ్గిన్స్ అంటే మా ఇంట్లో హిగ్గిన్స్ భాగవతార్. రాజమండ్రిలో మా తాతయ్య గదిలో ఒక టేప్‌రికార్డరు, దాని పక్కన చెప్పుల అట్టపెట్టె నిండా కేసెట్లు ఉండేవి. ఒక కేసెట్ మీద ఆకుపచ్చ సిరాతో ‘హిగ్గిన్స్ – ఎందరో’ అని రాసి ఉండేది. రేడియోలో వస్తుంటే రికార్డు చేసుకున్నది, మొదట్లో అనౌన్సరు మాట సగంలో తెగిపోయి ఉంటుంది. నాకు ఎనిమిదేళ్లప్పుడు తాతయ్య దాన్ని పెట్టి, “కళ్లు మూసుకుని విని, ఈయన ఏ ఊరివారో చెప్పు” అన్నారు. నేను తంజావూరు అన్నాను. అమెరికా అంటే నమ్మలేదు. “మనవాళ్లే ‘మహానుబావులు’ అనేస్తారు, ఈయన ‘భా’ ఎంత నిండుగా పలుకుతున్నారో చూడు” అని ఆ ముక్క మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పి వినిపించేవారు. త్యాగరాజస్వామి తెలుగు మాటను అంత శ్రద్ధగా నోట పట్టిన మనిషి అని తాతయ్యకు ఆయనంటే గౌరవం.

తరువాత, పెళ్లయి మేం కనెటికట్‌లో రాకీ హిల్‌కి వచ్చాక తెలిసింది, హిగ్గిన్స్ చదివిందీ, పాఠం చెప్పిందీ, చివరికి కన్నుమూసిందీ మా ఇంటికి పది మైళ్ల దూరంలోని మిడిల్‌టౌన్‌లోనే అని. 1939లో మసాచుసెట్స్‌లో పుట్టారు. వెస్లియన్ యూనివర్సిటీలో చదువుతుండగా కర్ణాటక సంగీతం పరిచయమైంది. భరతనాట్య కళాకారిణి బాలసరస్వతిగారి తమ్ముళ్లు టి. రంగనాథన్, టి. విశ్వనాథన్‌ల దగ్గర నేర్చుకున్నారు. ఫుల్‌బ్రైట్ అనే అమెరికా స్కాలర్‌షిప్ మీద మద్రాసు వెళ్లారు, తిరువయ్యారు ఆరాధనలో పాడారు, భరతనాట్యంలోని సంగీతం మీద పీహెచ్‌డీ చేశారు. టొరంటోలోని యార్క్ యూనివర్సిటీలో తిరుచ్చి శంకరన్‌గారితో కలిసి మన సంగీతానికి ఒక శాఖ నిలబెట్టారు. 1978లో తిరిగి వెస్లియన్‌కు వచ్చారు. 1984 డిసెంబరు 7న కుక్కను తీసుకుని నడకకు వెళ్లినప్పుడు, తాగి నడుపుతున్న వాహనం గుద్ది చనిపోయారు. నలభై అయిదేళ్లు. వెస్లియన్‌లో ఏటా జరిగే నవరాత్రి ఉత్సవానికి, క్రోవెల్ కన్సర్ట్ హాల్‌కి మేం వెళ్తుంటాం. మిడిల్‌టౌన్‌లోకి కారు దిగగానే ప్రతిసారీ ఆయన గుర్తొస్తారు.

లూసియర్ ఆయన సహోద్యోగి. ఆయన కూడా వెస్లియన్‌లోనే దశాబ్దాల పాటు పాఠాలు చెప్పారు, 2021లో చనిపోయారు. రాగాలు కట్టే రకం స్వరకర్త కాదు. గదిలో శబ్దం ఎలా తిరుగుతుంది, గోడలు దాన్ని ఏం చేస్తాయి, రెండు ధ్వనులు దగ్గరైతే ఏమవుతుంది అన్నవే ఆయన పని. హిగ్గిన్స్ పోయిన ఏడాదే, 1984 నాటి రచన ఇది.

నేను ఊహించుకున్నది వేరు. స్మృతి గీతం అన్నాక ‘ఎందరో మహానుభావులు’ రాగమైన శ్రీరాగం జాడ ఎక్కడో ఉంటుందనీ, వెనక తంబూరా వినిపిస్తుందనీ, క్లారినెట్ మన పాట ఏదో ఒక ముక్కయినా పలుకుతుందనీ అనుకున్నాను. క్లారినెట్ అంటే మాకు కొత్త కాదు కదా. రాజమండ్రిలో పెళ్లి బ్యాండుమేళంలో ముందు వరసలో పాట ఎత్తుకునేది క్లారినెట్టే. ఈ సీడీలో అవేవీ లేవు. రాగం లేదు, తాళం లేదు, ఒక్క గమకం లేదు.

ఉన్నవి రెండే. ఒకటి, ఆసిలేటర్ అనే యంత్రం పుట్టించిన శుద్ధమైన సైన్ తరంగం, అంటే పై స్వరాలేవీ కలవని ఒకే ఒక్క స్వరం. అది క్లారినెట్ మంద్రంలో మొదలై ఆగకుండా, మెట్లు లేకుండా పైకి జారుతూ పోతుంది. గడియారం పెట్టుకుని విన్నాను, సుమారు అర నిమిషానికి ఒక స్వరస్థానం చొప్పున ఎక్కుతుంది. ఇరవై నిమిషాల్లో మూడు స్థాయిలు దాటుతుంది. రెండోది క్లారినెట్. ఈ రికార్డింగ్‌లో వాయించినది థామస్ రిడెనౌర్, రచన కూడా ఆయన కోసం చేసిందే. ఆయన ఒక స్వరాన్ని పట్టుకుని కదలకుండా నిలబెడతారు. కింది నుంచి వస్తున్న తరంగం ఆ స్వరాన్ని సమీపిస్తుంది, కలుస్తుంది, దాటి వెళ్లిపోతుంది. ఆయన ఊపిరి తీసుకుని ఇంకో స్వరం పట్టుకుంటారు. రచన మొత్తం ఇంతే.

మొదటిసారి ఫోన్‌లో విన్నాను. సీడీని లాప్‌టాప్‌లోకి ఎక్కించి ఫోన్‌లో వేసుకుని, వంట చేస్తూ గట్టు మీద పెట్టాను. ఆరు నిమిషాలకే కట్టేశాను. మా ఆయన హాల్లోంచి వచ్చి ఏదైనా మిషన్ ఆన్‌లో ఉండిపోయిందా అని అడిగారు. నాకు చాలా నిరాశగా అనిపించింది. ఆ మనిషి పేరు పెట్టి ఇలా చేస్తారా అని బాధ కూడా కలిగింది. తప్పు సీడీది కాదని తరువాత తెలిసింది. చిన్న స్పీకరు, చుట్టూ పొయ్యి మీది చిమ్నీ చప్పుడు. ఇందులో వినవలసిన అసలు సంగతి ఆ రెండు ధ్వనుల్లో ఏ ఒక్కదానిలోనూ లేదు, వాటి మధ్య పుట్టే మూడోదానిలో ఉంది. దానికి గదిలో చోటు కావాలి.

నాలుగు రోజుల తర్వాత, ఆదివారం పొద్దున్న హాల్లో పెద్ద స్పీకర్ల మీద పెట్టాను. రాజమండ్రి నుంచి వచ్చిన మా అమ్మ సోఫాలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. రెండు నిమిషాలు గడిచాయో లేదో, తలెత్తి, “ఎవరే, తంబూరా శ్రుతి చేసుకుంటున్నారా?” అంది.

ఆ ఒక్క మాటతో ఈ రచన నాకు తెరుచుకుంది.

అమ్మ వీణ వాయిస్తుంది. నా చిన్నప్పుడు సాయంత్రం సాధనకు ముందు నేను తంబూరా పట్టుకుని మీటుతుంటే తను బిరడలు తిప్పేది. మధ్యలో ఉండే రెండు సారణి తీగలు ఒకే షడ్జమానికి రావాలి. కొంచెం తేడా ఉంటే రెండూ కలిసి వావ్ వావ్ మని ఊగుతాయి. దగ్గరికి వస్తున్నకొద్దీ ఆ ఊపు నెమ్మదిస్తుంది. వా...వ్, వా......వ్. పూర్తిగా కలిసిన క్షణాన ఊపు ఆగిపోయి తీగలు రెండూ ఒకటే తీగలా మోగుతాయి. “ఊపు ఆగిందా?” అని అడిగేది అమ్మ. ఆగిందంటేనే పాఠం మొదలు. ఇంటర్ ఫిజిక్సులో వీటినే విస్పందనాలు అని చదివినప్పుడు నాకు కొత్తగా ఏమీ అనిపించలేదు. 440, 442 పౌనఃపున్యాలు కలిసి మోగితే సెకనుకు రెండు విస్పందనాలు, తేడా ఎంతో ఊపులు అన్ని. అమ్మ ఆ లెక్క చెవితో చేసేది.

లూసియర్ ఆ శ్రుతి చేసుకోవడాన్నే రచనగా పెట్టారు. కచేరీకి ముందు రెండు నిమిషాల్లో అయిపోయే పనిని, శ్రోతలు ఇంకా కుర్చీల్లో సర్దుకుంటుండగా ఎవరూ పట్టించుకోకుండా జరిగిపోయే పనిని తెచ్చి ఇరవై నిమిషాలు మన ముందు ఉంచారు. అక్కడ బిరడ తిప్పే మనిషి లేడు. తరంగం తనంతట తాను వస్తోంది. తొలి స్వరాల్లో ఊపులు వేళ్లతో లెక్కపెట్టవచ్చు. ముందు వణుకులా వేగంగా, తర్వాత నెమ్మదిగా, తర్వాత ఇంకా నెమ్మదిగా. ఒక్క ఊపు గదంతా నిండి ఖాళీ అయినట్టుంటుంది. ఆపైన నిశ్చలం. మళ్లీ మొదలు, ఈసారి నెమ్మది నుంచి వేగానికి.

కర్ణాటక సంగీతంలోకి బయటి నుంచి వచ్చి, మన శ్రుతిలో అంత చక్కగా కలిసిపోయి, నలభై అయిదేళ్లకే దాటి వెళ్లిపోయిన మనిషికి ఇంతకంటే తగిన నివాళి ఏముంటుంది? లూసియర్ మనసులో ఏముందో నేను చెప్పలేను. ఆ ఆదివారం నేను మాత్రం అలా విన్నాను. శ్రీరాగం ముక్క ఒకటి తెచ్చి అతికించి ఉంటే నాకు వెంటనే నచ్చేది, కానీ ఇంత కాలం వినేదాన్ని కాదు.

ఇంకో సంగతి మూడోసారి విన్నప్పుడు తెలిసింది. పైకి పోతున్నకొద్దీ కలయికలు చిన్నవైపోతున్నాయి. ముందు నా చెవి అలిసిందేమో అనుకున్నాను. కాగితం తీసుకుని లెక్క వేశాను. ఈ రచనకు వాడేది ‘ఎ’ (A) శ్రుతి క్లారినెట్, దాని అట్టడుగు స్వరం దాదాపు 138.6 హెర్ట్జ్, అంటే సెకనుకు అన్ని కంపనాలు. పక్క స్వరస్థానానికి అక్కడ తేడా ఎనిమిది హెర్ట్జ్ మాత్రమే. తరంగం ఆ కాస్త దూరాన్ని అర నిమిషంలో దాటుతుంది కాబట్టి, ఊపు సెకనుకు ఒకటి కంటే నెమ్మదిగా ఉండే సమయం దాదాపు ఏడున్నర సెకన్లు వస్తుంది. అదే 880 హెర్ట్జ్ దగ్గర ఒక స్వరస్థానం అంటే యాభై హెర్ట్జ్ పైమాటే. అదే అర నిమిషంలో అంత దూరం పోవాలి. అక్కడ ఆ నిశ్చలం సెకను పైన కాస్త. కింద ఉన్నప్పుడు రెండూ ఒకదానిలో ఒకటి ఒదిగి కూర్చున్నట్టుంటాయి. పైన తగిలీ తగలకుండా తరంగం వెళ్లిపోతుంది. దూరంగా ఉన్నప్పుడు ఊపులు లెక్కకు అందవు, శబ్దం గరగరలాడుతుంది. చివరి అయిదు నిమిషాలు అందుకే వినడం కష్టం. మా అమ్మ అక్కడికి వచ్చేసరికి లేచి వెళ్లిపోయింది, చెవులు గుచ్చుకుంటున్నాయంది. నేనూ వాల్యూమ్ తగ్గించే వింటాను. కానీ ఆ భాగం లేకుండా వినను. దక్కే సమయం తగ్గిపోతూ ఉండటం కూడా ఈ రచనలో భాగమే.

మన చెవికి కష్టమయ్యేది మరొకటి ఉంది, అది ముందే చెప్పాలి. ఇందులో షడ్జమం లేదు. మనకు శ్రుతి అంటే కదలనిది. రాడెల్ పెట్టె (ఎలక్ట్రానిక్ తంబూరా) ఆన్ చేస్తే పాట అయ్యేదాకా అది అక్కడే ఉంటుంది, మనం ఎంత దూరం తిరిగినా ఇంటికి వస్తాం. ఇక్కడ కదలకుండా నిలిచేది వాయించేవాడి స్వరం, కదిలిపోయేది శ్రుతి. తరంగం ఎవరి కోసమూ ఆగదు. మృదంగం వాయించేవారు గాయకుడి ముఖం చూస్తారు, ఒక సంగతి ఎక్కువ పడితే సర్దుకుంటారు. రికార్డు చేసి పెట్టిన ఎలక్ట్రానిక్ ధ్వనికి ఆ చూపు ఉండదు. సర్దుకోవలసినది మనిషే. రిడెనౌర్ వాయింపులో నాకు అన్నిటికంటే నచ్చింది ఆయన సర్దుకోకపోవడం. తరంగం స్వరానికి దగ్గరగా వచ్చినప్పుడు ఏ వాద్యకారుడికైనా పెదవి కొంచెం బిగించి దానితో కలిసిపోవాలనిపిస్తుంది. చిన్నప్పటి నుంచీ నేర్పేది అదే. ఇక్కడ అలా చేస్తే ఊపుల వరస చెడిపోతుంది. కలవాలన్న కోరిక ఆపుకుని, ఉన్నచోట ఉండి, దాన్ని రానివ్వాలి, పోనివ్వాలి. అది ఎంత కష్టమో మా ఇంట్లోనే చూశాను.

మా పెద్దాడు ఎనిమిదో తరగతి. స్కూలు బ్యాండులో ట్యూబా వాయిస్తాడు. వాడికంటే పెద్దగా ఉండే ఆ ఇత్తడి వాద్యాన్ని శుక్రవారాలు ఇంటికి తెచ్చుకుంటాడు. ట్యూబాకు పాటలు తక్కువ, వెనక వరసలో కూర్చుని బరువు మోయడమే దాని పని అని వాడికి ఒక బెంగ ఉంది. ఒక సాయంత్రం ఈ సీడీ వింటూ ఉంటే మెట్ల మీద నిలబడి విని, “అమ్మా, ఇది ట్యూబా మీద చేయొచ్చా?” అన్నాడు. లూసియర్ సైన్ తరంగాలతో ట్రాంబోన్ అనే ఇత్తడి వాద్యానికి కూడా రాశారు, 1994లో ‘విండ్ షాడోస్’ అని. ట్రాంబోన్‌కు కుదిరినప్పుడు ట్యూబాకు ఎందుకు కుదరదు అనిపించింది.

తరంగం మేమే తయారు చేసుకున్నాం. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో చర్ప్ అని ఒక సాధనం ఉంది. ఎక్కడ మొదలవ్వాలి, ఎక్కడ ఆగాలి, ఎంతసేపు అని ఇస్తే సైన్ తరంగాన్ని జార్చి ఇస్తుంది. అందులో లాగరిథమిక్ అన్నది ఎంచుకోవాలి, అప్పుడే అన్ని స్వరస్థానాలకూ సమానమైన సమయం పడుతుంది. వాడి ట్యూబాలో మీటలు నొక్కకుండా వచ్చే కింది బి ఫ్లాట్ 58.27 హెర్ట్జ్. దానికి ఒక స్వరస్థానం కింద, 55 హెర్ట్జ్‌లో మొదలుపెట్టి, ఒక స్వరస్థానం పైన ముగిసేలా ఒక నిమిషం ఫైలు చేశాం. లాప్‌టాప్‌లో నొక్కితే ఏమీ వినిపించలేదు. ఫైలు పాడైందనుకుని రెండుసార్లు మళ్లీ చేశాం. ఫైలు బాగానే ఉంది, లాప్‌టాప్ స్పీకర్లు అంత కిందికి మోగలేవు. మామూలు పాటలో అయితే కింది స్వరం లేకపోయినా దానితోపాటే పుట్టే పై స్వరాలు, అంటే హార్మోనిక్సు, విని మన చెవి ఆ స్వరాన్ని ఊహించుకుంటుంది. సైన్ తరంగానికి హార్మోనిక్సే ఉండవు, ఊహించుకోవడానికి ఆధారం లేదు. కాబట్టి పూర్తి నిశ్శబ్దం. బేస్‌మెంట్‌లో హోమ్ థియేటర్ సబ్‌వూఫరుకు కలిపాక నేల అదిరింది.

అక్కడ ఇంకో విచిత్రం. 58 హెర్ట్జ్ తరంగం పొడవు దాదాపు పంతొమ్మిది అడుగులు. మా బేస్‌మెంట్‌లో సోఫా దగ్గర శబ్దం కడుపులో తగులుతుంది. అయిదడుగులు పక్కకు జరిగితే మాయమవుతుంది. గోడల నుంచి తిరిగొచ్చిన తరంగం ఎదురొచ్చిన తరంగాన్ని కొన్నిచోట్ల చెరిపేస్తుంది. మా చిన్నది గదంతా తిరిగి శబ్దం లేని చోట్లు వెతికి, ఒక్కోచోట ఒక్కో దిండు పెట్టింది. సీడీ వింటున్నప్పుడు కూడా ఇది జరుగుతుంది, క్లారినెట్ మంద్రస్థాయిలో తల కొంచెం తిప్పితే చాలు, ఊపు ఒక చెవి నుంచి ఇంకో చెవికి నడిచినట్టుంటుంది. హెడ్‌ఫోన్స్‌లో ఈ భాగ్యం లేదు. అందుకే ఈ సీడీని గదిలోనే వినమంటాను.

ట్యూబా మొదలైంది. జనవరి చలికి ఇత్తడి చల్లబడిపోయి తొలి పది నిమిషాలు స్వరం కిందికే ఉంది, ఊది ఊది వేడెక్కాక గానీ చోటుకు రాలేదు. పైగా తరంగం దగ్గరికి రాగానే వాడి పెదవి దానివైపు వెళ్లిపోయేది. “దానితో కలవకు నాన్నా, నువ్వు కదలకు, అదే వస్తుంది” అన్నాను. అనడం సులువే. ట్యూబా కింది స్వరాల్లో మూలస్వరం బలహీనం, పై హార్మోనిక్సే ఎక్కువ. అందుకని సన్నగా సైన్ తరంగం మూలస్వరంతో కలుస్తున్న చప్పుడు పట్టుకోవాలంటే చాలా మెల్లగా, ఒత్తిడి లేకుండా ఊదాలి. మూడో శుక్రవారానికి ఆ ఊపులు వినిపించాయి. సెకనుకు మూడు, రెండు, ఒకటి. క్లారినెట్‌లో లేని నిదానం. ఏనుగు తల ఊపినట్టుంది అంది మా అమ్మ.

అయితే అంత కింద ఆ నిశ్చల సమయం దాదాపు పద్దెనిమిది సెకన్లు వస్తుంది. వాడి ఊపిరి పన్నెండు సెకన్లు. కలయికలోకి వెళ్తుండగా మొదలుపెడితే బయటికి రాలేడు, ఆలస్యంగా మొదలుపెడితే లోపలికి వెళ్లడం వినిపించదు. ఊపిరి అయిపోతున్నప్పుడు స్వరం కిందికి జారి ఊపులు ముందే తిరిగొచ్చేస్తాయి. రిడెనౌర్ ఒక్కో స్వరాన్ని ఎంత సమంగా నిలబెట్టారో వాడి అవస్థ చూశాకే నాకు అర్థమైంది. సీడీలో అది వినడానికి ఏమీ చేయనట్టే ఉంటుంది.

వస్తువుగా ఈ సీడీ గురించి కూడా చెప్పాలి. నేను ఆన్‌లైన్‌లో సెకండ్ హ్యాండ్‌గా కొన్నాను, పోస్టేజీతో కలిపి పన్నెండు డాలర్లు. పలచటి కవరులో పంపించారు, పెట్టె విరిగి వచ్చింది, లోపలి కాగితానికి చెమ్మ తగిలి రెండు పేజీలు అతుక్కుపోయాయి. అమ్మినవారికి రాస్తే బదులు లేదు. డిస్కు మీద మాత్రం గీత పడలేదు. రికార్డింగ్ శుభ్రంగా ఉంది, తరంగం ఎంత శుద్ధంగా ఉండాలో అంత శుద్ధంగా ఉంది. ఇలాంటి రచనకు అదే ముఖ్యం, వెనక సన్నటి హిస్ ఉన్నా ఊపులు మసకబారతాయి.

మిగతా రెండు రచనలూ ఈ జారే తరంగంతోనే. ఒకటి చిన్న ఆర్కెస్ట్రాకు, దాని పేరే ఆల్బమ్‌కు పెట్టారు. ఇంకోటి మూడు గాలివాద్యాలు, నాలుగు తీగవాద్యాలు కలిసిన సెప్టెట్. సెప్టెట్‌లో తీగలు తరంగం దగ్గరికి వచ్చినప్పుడు వచ్చే మెరుపు బాగుంది. ఆర్కెస్ట్రా రచన నన్ను అంతగా పట్టుకోలేదు. అన్ని వాద్యాలు చేరేసరికి ఏది ఎవరితో కలుస్తోందో చెవికి అందదు. ఒక మనిషి ఊపిరి, ఒక యంత్రం స్వరం ఎదురెదురుగా నిలబడినప్పుడు ఉన్న ఉత్కంఠ అక్కడ లేదు. ఒక్క క్లారినెట్ రచన కోసమే అయినా నేను ఈ సీడీ మళ్లీ కొంటాను.

సంగీతం నేర్చుకుంటున్న పిల్లలున్న తెలుగు ఇళ్లకు ఇది గట్టిగా చెబుతాను. శ్రుతిలో లేవు అని పిల్లలకు వందసార్లు చెబుతాం, శ్రుతి కలవడం అంటే ఏమిటో ఒక్కసారి కూడా వినిపించం. దీని తొలి అయిదు నిమిషాలు స్పీకర్ల ముందు కూర్చోబెట్టి, ఊపు ఆగినప్పుడు చెయ్యెత్తమని చెప్పండి. మా చిన్నది వయొలిన్ నేర్చుకుంటోంది, తీగలు శ్రుతి చేసుకునేటప్పుడు ఇప్పుడు ఫోన్‌లో ట్యూనర్ చూడటం మానేసింది. పెద్దవాళ్లయితే ముందు హిగ్గిన్స్ పాడిన ‘ఎందరో మహానుభావులు’ విని, కాసేపు ఆగి, దీన్ని పెట్టండి. నేను అలాగే వింటాను. ఆ గొంతు చెవిలో ఉండగా ఈ నిలువు స్వరాలు మొదలైతే వేరుగా ఉంటుంది.

అమ్మ తిరుగు ప్రయాణానికి ముందు శుక్రవారం పెద్దాడు ట్యూబా తెచ్చి, బి ఫ్లాట్ వద్దు, దాని పైనున్న ఎఫ్ చేద్దాం అన్నాడు. కాగితం మీద లెక్క వేసి చూపించాడు. 87.3 హెర్ట్జ్ దగ్గర నిశ్చలం పన్నెండు సెకన్లు వస్తుంది, తన ఊపిరీ అంతే. తరంగం మొదలైంది. వాడు కళ్లు మూసుకుని ఆగాడు, ఆగాడు, ఊపిరి నిండా పీల్చుకుని ఊదాడు. నేను గడియారం చూస్తున్నాను. అమ్మ సోఫా చివర కూర్చుని, చేయి గాల్లో ఉంచి, చిన్నప్పుడు నన్ను అడిగినట్టే మెల్లగా అడిగింది, “ఊపు ఆగిందా?”

బుగ్గల నిండా గాలితో వాడు తల ఆడించాడు.